అంతము తెలియని ఆరంభము

ఈ సంవాదమున మాటలాడువారు ఇరువురు. ఒకరు చిరకాలము అలంకారశాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొనిన ఉపాధ్యాయులు. రెండవవాడు వారి భార్యకు తమ్ముడు, చిత్రలేఖనము నేర్పి జీవించువాడు. జపాను దేశపు యానిమేషన్ దర్శకుడు హయావో మియజాకి తన ఎనుబది రెండవ యేట, 2023లో, విడుదల చేసిన 'ది బాయ్ అండ్ ది హెరాన్' అను చిత్రమును ఇరువురును కలిసి చూచిరి. ఆ చిత్రముతో మొదలైన వారి వాదము, చూచుచుండగనే, అట్టి చిత్రములు పుట్టు విధానము మీదికి మరలినది.

బావగారు: నాయనా, నీవు ఇంతకాలముగా కొనియాడుచు వచ్చిన దర్శకుని చిత్రమును నేటికి చూచితిని. బొమ్మలు రమణీయముగా నున్నవి. ఆ మాట మొదటనే చెప్పివేసి ఆ ఋణము తీర్చుకొందును. ఐనను, తల్లిని అగ్నిప్రమాదమున గోల్పోయిన బాలుడు పల్లెకు వచ్చుట, తండ్రి పెండ్లాడిన పినతల్లి ఒకనాడు కనబడకపోవుట, పెరటివైపునున్న పాడుబడిన గోపురమునకును ఆమె యదృశ్యమగుటకును ఏదో సంబంధ ముండుట అను నంతవరకు బిగువుగా నడచిన కథ, వాడు ఆ గోపురములోనికి దిగిన పిమ్మట చిలుకల రాజ్యమనియు, పుట్టబోవు జీవుల లోకమనియు, రాళ్లు పేర్చి జగత్తును నిలుపు వృద్ధుడనియు తోచినదెల్ల పోగుచేసికొనుచు పోయినది. ఇట్లేల జరిగినదని నేనడుగగా, కథ యెట్లు ముగియునో తనకే తెలియకమునుపు ఈ దర్శకుడు నిర్మాణము నారంభించునని నీవు గర్వముగా బదులు చెప్పితివి. మా శాస్త్రమున రూపకమునకు ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అని పంచసంధులు చెప్పిరి. ముఖమున నాటిన బీజము నిర్వహణమున ఫలించవలెను. ఫలమేదో యెరుగనివాడు బీజము నెట్లు ఎన్నుకొనును? అందులోను ఇది కలము కాగితములతో సరిపోవు పని కాదు. తెరమీద సెకనునకు 24 ఫ్రేములు నడచుననియు, ఒక్కొక్క బొమ్మను రెండేసి మూడేసి ఫ్రేములపాటు నిలిపినను సెకనుకు 8 మొదలు 12 వరకు బొమ్మలు గీయవలసి యుండుననియు నీవే చెప్పితివి. ఇంత వ్యయముతో కూడిన పనిని గమ్యము తెలియక ఆరంభించుటకు నేను బాధ్యతారాహిత్యమని పేరు పెట్టుదును. నీవు పెట్టు పేరేమో చెప్పుము.

మరది: పేరు పెట్టుటకు ముందు ఆయన పనిచేయు తీరు వినుడు, బావగారూ. ఆయన మొట్టమొదట నీటిరంగులతో కొన్ని విడిబొమ్మలు వేసికొనును. వానిలో కథ యుండదు. ఒక స్థలమో, ఒక యెగిరెడు యంత్రమో, వానలో బస్సుకై గొడుగు పట్టి నిలిచిన పాప ప్రక్కన నిలిచిన ఒక మహాజంతువో యుండును. ఆ కడపటి బొమ్మయే 1988లో విడుదలైన 'మై నైబర్ టొటోరో' చిత్రమునకు మూలము. చిత్రము తీయవలసిన సమయము వచ్చినప్పుడు ఆ యొక్క పాపను ఇద్దరు అక్కచెల్లెండ్రుగా విభజించెను. కాని ప్రకటనచిత్రమున నేటికిని అక్కపోలికలును చెల్లెలిపోలికలును కలిసిన ఒకే పాప నిలిచియుండును. విడిబొమ్మలు చాలినన్ని కూడిన పిమ్మట స్టోరీబోర్డునకు కూర్చుండును. పుటకు ఐదేసి చట్రములు నిలువుగా నుండును; ఒక్కొక్క చట్రమున బొమ్మ, దాని ప్రక్కన కదలిక, సంభాషణ, శబ్దము, ఎన్ని సెకనులు, ఎన్ని ఫ్రేములు అను లెక్క. చేత స్టాప్‌వాచి పట్టి, కన్నులు మూసికొని, పాత్ర లేచుట, నడచుట, తలుపు తీయుట మనసులో జరిపించుకొని, ఆ వ్యవధిని కొలిచి వ్రాసికొనును. ఆయనకు వేరుగా లిఖితమైన సినేరియో లేదు, స్టోరీబోర్డే సినేరియో. దానిని నాలుగైదు భాగములుగా చేసి, మొదటి భాగము సిద్ధము కాగానే చిత్రకారుల కప్పగించి, వారు దానికి ప్రాణము పోయుచుండగా తాను తరువాతి భాగమునకు పోవును. కనుక మొదటి యంకము రంగులు దిద్దుకొనుచున్న వేళకు చివరి యంకము ఆయన తలలోనైన పూర్తిగా ఏర్పడియుండదు. దీనిని ఆయన యెన్నడును దాచుకొనలేదు.

బావగారు: అట్లయిన ఇది అవధానమన్న మాట! అవధాని ఒక పృచ్ఛకునికి మొదటి పాదము చెప్పి, రెండవవానికి మొదటి పాదము చెప్పి, అందరిని చుట్టివచ్చి రెండవ పాదము నందుకొనును. నోట వెలువడిన పాదమును మార్చుటకు వీలులేదు. రాబోవు పాదమునకు అదియే బంధము. నీ దర్శకుడును అంతే: చిత్రకారుల చేతికి పోయిన భాగము వెనుకకు రాదు. అవధానమును చూచి నేనును చప్పట్లు కొట్టుదును. కాని అవధానమున పుట్టిన పద్యములను ప్రబంధముతో సమానముగా నెవ్వరైన పూజింతురా? అది ధారణకును సమయస్ఫూర్తికిని పరీక్ష. నిర్మాణసౌష్ఠవము దాని ధర్మము కాదు.

మరది: మీ యుపమానమునే నేను నా పక్షమునకు లాగుకొందును. పలికిన పాదము బంధమగుననిరి గదా. ఆ బంధమే ఈయన కథను కాపాడినది. 2001లో వచ్చిన 'స్పిరిటెడ్ అవే'ను తీసికొనుడు; 2002లో బెర్లిన్ చిత్రోత్సవమున స్వర్ణభల్లూకమును, 2003లో ఆస్కారును పొందిన చిత్రమది. తల్లిదండ్రులు పందులుగా మారిపోగా, పదేండ్ల చిహిరో అను పిల్ల దేవతలు స్నానమాడ వచ్చు సత్రమున పనికత్తెగా చేరును. నిర్మాత తొషియో సుజుకి చెప్పినదానిని బట్టి, మొదట అనుకొనిన కథలో ఆ పిల్ల సత్రపు యజమానురాలైన మంత్రగత్తెను ఓడించును; అంతట ఆమెకంటె శక్తిమంతురాలైన సోదరి యొకతె వచ్చును; ఆమెను కూడ ఓడింపవలెను. లెక్క చూడగా చిత్రము మూడు గంటలు మించునని తేలెను. అప్పటికి మొదటి భాగములు చిత్రకారుల చేతిలో నున్నవి. అట్టి సంకటమున ఆయన వెనుకకు తిరిగి తాను గీసిన బొమ్మలనే చూచెను. వంతెనమీద తెల్లని ముసుగుతో ఊరక నిలిచియున్న ఒక నీడవంటి ఆకారము కనబడెను. దానికి మాటలు లేవు, పని లేదు, కొన్ని సెకనులు నిలుచుటకే పుట్టినది. దానిని పట్టుకొని చిత్రపు రెండవ సగమంతయు దానిచుట్టు అల్లెను. అదియే నేడు లోకమెల్ల నెరిగిన కఓనాషి. బంగారము చూపి అందరి మెప్పు కొనజూచి, చేరదీయువారు లేక ఎదుటివారిని మ్రింగు ఆ జీవిని ముందుగా ప్రణాళిక వేసికొని పుట్టించియుండిన, దుష్టపాత్ర యని పేరుపెట్టి శిక్షించి యుండెడివారు. ఇచట, ఏమియు కానిదిగా పుట్టినందువలననే, ఏమియు కానివాని ఆకలి దానియందు వ్యక్తమైనది. ఓడింపవలసిన ఆ రెండవ సోదరి కూడ చివరకు అతిథులకు తేనీరిచ్చి, ఆ జీవిని తన యింట నుండుమనిన ముసలమ్మ యైనది.

బావగారు: ఒక అదృష్టమును చూపి దానిని సిద్ధాంతము చేయుచున్నావు. వంతెనమీద ఆ యాకారము లేకుండిన?

మరది: వేరొకటి యుండెడిది. ఎందుకనగా ఆయన మొదటి భాగములను నింపు తీరు అట్టిది. కథకు వెంటనే అక్కరకు రానివి కూడ చూచినవానివలె నింపును. అదే చిత్రమున ఆ పిల్ల నీటిమీది రైలెక్కి ఆరవ స్టేషనువరకు పోవు ఘట్టము కలదు. పోరాటము లేదు, హాస్యము లేదు, మాటలు దాదాపు లేవు, నీడలవంటి ప్రయాణికులు మూటలతో ఎక్కుదురు, దిగుదురు, ప్రొద్దుగ్రుంకును, కిటికీలో ఆ పిల్ల ముఖము కనబడును. పంచసంధుల పట్టిక చేతబట్టి కత్తిరించువాడు మొదట కత్తిరించునది ఈ ఘట్టమునే. దానిని తీసివేసినచో, సత్రమున వణకుచు చేరిన పిల్ల ఇంత నిబ్బరముగా పోగలిగినదన్న సంగతి చూపరికి తెలియు మార్గము మరి లేదు. ఆ మార్పును సంభాషణతో చెప్పింపక కూర్చున్న తీరుతో చెప్పించెను.

బావగారు: ఆ ఘట్టమునకు నేనును లొంగుదును. కాని నాణెమునకు రెండవ ముఖము నీవు చూపుట లేదు. 2004 నాటి 'హౌల్స్ మూవింగ్ కాసిల్' చూచితిని. చిత్రమంతయు ఆకాశమును మండించిన యుద్ధము, చివర ఒక దిష్టిబొమ్మ రాజకుమారుడై లేచి నిలువగా, రాజగురువైన యాయమ్మ ఇక చాలింతమని అనుకొనగా, రెండు నిమిషములలో చల్లారిపోయినది. 2008 నాటి 'పొన్యో'లో ప్రపంచము మునిగిపోవునంతటి యాపదకు చివర పెట్టిన పరీక్ష, ఐదేండ్ల బాలుని ఒక ప్రశ్న యడిగి వాడు సరే యనుటతో తీరినది. ఇవి గర్భసంధిలో ముడివేయుట మరచి నిర్వహణమున ముడి విప్పబోయిన దోషములు కావా?

మరది: 'హౌల్' విషయమున మీతో వాదింపను, ఆ ముగింపు నాకును తొందరపాటుగనే తోచును. 'పొన్యో'లో మాత్రము ఐదేండ్లవాని కథకు ఐదేండ్లవాని పరీక్షయే తగునని నా పక్షము. కాని మీరు తూచుచున్నది నిర్మాణమునే గాని, ఆ నిర్మాణమును మోయు పునాదిని కాదు. ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసము అని మీరే గదా కావ్యహేతువులను మూడింటిని పాఠము చెప్పుచుండిరి? ఈయన వ్యుత్పత్తి గ్రంథములనుండి వచ్చినది కొంతయే. అధికభాగము కంటినుండి వచ్చినది. 'స్పిరిటెడ్ అవే' తీయుచున్నప్పుడు, గాయపడిన డ్రాగను నోరు పిల్ల బలవంతముగా తెరచి మందుముద్ద మ్రింగించు ఘట్టమును చిత్రకారులకు వివరింపవలసి వచ్చెను. డ్రాగనును చూచినవా రెవరు? అందుచేత కుక్కకు మందు పెట్టినట్లు చేయుడని చెప్పి, మీలో కుక్కను పెంచినవా రెవరని యడుగగా, ఆ యువకులలో పెంచినవారు కరవైరి. ఆయన విచారపడెను. పిమ్మట ఆ చిత్రకారులు పశువైద్యశాలకు పోయి, కుక్క దవడలను చేతులతో విప్పించి, దాని చిగుళ్లు ఎట్లు కనబడునో, పెదవి యెక్కడ ముడుచుకొనునో, అది తల నెట్లు విదల్చుకొనునో కెమెరాతో పట్టుకొని వచ్చి బొమ్మలు వేసిరి. తెరమీద చూడుడు: ఆ పిల్ల తన బరువంతయు మోపి రెండు దవడలను మూసిపట్టుకొనినప్పుడు మనము డ్రాగను ఉన్నదా లేదా యను ప్రశ్ననే మరతుము. అదే చిత్రమున, దుర్గంధముతో సత్రమునకు వచ్చిన నదీదేవత మేనినుండి పిల్ల ఒక సైకిలు పిడిని పట్టి లాగగా, వెనుకనే చెత్తయంతయు వెడలివచ్చును. ఆయన తన యింటి యొద్ది నదిని ఇరుగుపొరుగువారితో కలిసి శుభ్రపరచుచు అడుగు బురదలోనుండి నిజముగనే సైకిలును లాగియుండెను. ఇట్టి నిలువ గలవానికి ముగింపు తెలియకపోవుట దారిద్ర్యము కాదు.

బావగారు: నిలువ ఆయనదే, ఖర్చు మాత్రము ఇతరులది. నా రెండవ యభియోగమునకు వచ్చితిని. 1997లో వచ్చిన 'ప్రిన్సెస్ మొనొనొకె'కు సుమారు 1,44,000 సెల్లులు కాగా, వానిలో 80,000 వరకు ఆయన స్వయముగా పరిశీలించియో సరిదిద్దియో పంపెనని నీవొకప్పుడు నాకు ఆశ్చర్యముతో చెప్పితివి. నేను ఆశ్చర్యపడలేదు, భయపడితిని. సరిదిద్దిన ప్రతి బొమ్మ వెనుకను దానిని మొదట గీసినవాడొకడున్నాడు. వాని గీత చెరపబడెను. 2013 నాటి 'ది విండ్ రైజెస్'లో 1923 నాటి భూకంపమునకు చెదరిన జనసమూహము తెరమీద నుండునది నాలుగు సెకనులు. దానిని గీసిన చిత్రకారునికి పట్టిన కాలము ఒక సంవత్సరము మూడు నెలలు. కాళిదాసు ఒక శ్లోకమునకు సంవత్సరము తపించెనన్న అది కాళిదాసు కాలము. ఇచట తపించినవాడొకడు, యశస్సు వేరొకనిది.

మరది: ఆ మాట కఠినముగా నున్నను అసత్యము కాదు. ఐనను ఈయన శ్రామికుల యెడ కన్ను మూసికొనినవాడు కాడు. 1963లో తోఎయ్ సంస్థలో, ముఖ్యభంగిమల నడుమ కదలికను నింపు మధ్యబొమ్మలు గీయు క్రింది యుద్యోగిగా చేరి, మరుసటి యేటనే అచటి కార్మికసంఘమునకు ప్రధాన కార్యదర్శి యయ్యెను; అప్పుడు ఉపాధ్యక్షుడుగా నున్నవాడే తరువాతి కాలమున ఆయన సహచరుడైన దర్శకుడు ఇసావో తకహాత. 1985లో ఈయన స్టుడియో యైన జిబ్లీ పుట్టిన తొలినాళ్లలో, ఆ పరిశ్రమ యాచారము ననుసరించి, ఒక్కొక్క చిత్రమునకు చిత్రకారులను కూర్చుకొని, ముగియగానే పంపివేయుచుండిరి. మధ్యబొమ్మలకు బొమ్మకింత యని కూలి. 1989లో 'కికీస్ డెలివరీ సర్వీస్' విడుదలైన పిమ్మట వారందరిని నెలజీతముల ఉద్యోగులుగా చేసి, క్రొత్తవారికి శిక్షణ నిచ్చుట ఆరంభించిరి. 1992లో కొగనెయి పట్టణమున కట్టిన స్టుడియో భవనమునకు రూపకల్పన ఈయనదే. తరువాత సిబ్బంది పిల్లలకొరకు శిశువిహారము కూడ వెలసినది. ఆయన బల్ల వేరొక గదిలో నుండదు. చిత్రకారుల నడుమ ఒక మూలనుండును. ఏప్రను కట్టుకొని వారికంటె ముందు కూర్చుండి గీయువానిని, ఇతరుల చెమట తాగినవాడని ఎట్లందురు?

బావగారు: అంత మాట నేననలేదు. నేననునది, మంచి యజమానియు భారమగునని. నెలజీతము లిచ్చుట ధర్మము. కాని జీతము లీయవలెనన్న ఎడతెగక చిత్రములు తీయవలెను. ఎడతెగక తీయు చిత్రములన్నియు ఆ యొక్కని చేతికొనను దాటి పోవలెను. ఈ చక్రమున నలిగినది వారసత్వము. 1995లో 'విస్పర్ ఆఫ్ ది హార్ట్' తీసి, తరువాతి దర్శకుడు ఈతడే యని అందరు తలచిన యొషిఫుమి కొండో 1998లో నలుబదియేడేండ్లకే మరణించెను. 2014లో స్టుడియో తన నిర్మాణశాఖనే రద్దు చేసికొనగా చిత్రకారులు చెదరిపోయిరి. 2023లో సంస్థ ఒక టెలివిజను సంస్థ యధీనమునకు పోయినది. ముప్పది సంవత్సరములకు పైగా ఒక గురువు దిద్దిన పాఠశాలనుండి, గురువు స్థానమున కూర్చుండగల వాడొకడైన రాలేదన్న, లోపము శిష్యులయందే యున్నదందువా?

మరది: ఆ ప్రశ్నను మనము నేడు చూచిన చిత్రమే అడుగుచున్నది, బావగారూ. రాళ్లు పేర్చి లోకమును నిలుపు ఆ వృద్ధుడు తన వంశమువాడైన బాలుని పిలిచి, ఈ పనిని నీవు తీసికొమ్మనును. బాలుడు ఒల్లననును. ఆ పాత్రల వెనుక నున్నవా రెవరో సుజుకి బహిరంగముగనే చెప్పినాడు: బాలుడు మియజాకి, చిత్రపు పేరులోని కొంగ తాను, గోపురములోని వృద్ధుడు తకహాత. మొదటి యూహలో ఆ వృద్ధునికిని బాలునికిని నడుమ కథ యెక్కువగా నడువవలసి యుండెను. స్టోరీబోర్డు నడుచుచుండగనే, 2018 ఏప్రిలులో, తకహాత మరణించెను. మియజాకి ఆ దారిని ముందునకు పోలేక, బాలునికిని కొంగకును గల స్నేహమునకు కథను మరల్చెను. మీకు రెండవ సగము వదులుగా తోచుటకు కారణ మిదియు కావచ్చును. అంతమును ముందే బిగించుకొనినవాడైన, స్నేహితుడు చనిపోయినను కథను ఉన్నదున్నట్లు ముగించియుండును.

బావగారు: ఆ సంగతి నాకు తెలియదు. చిత్రమునందలి దోషము దానివలన పోదు గాని, దోషమునకు కారణము సోమరితనము కాదని ఒప్పుకొందును. తకహాత పేరు ఎత్తితివి కనుక అడుగుచున్నాను. ఆయన బొమ్మలు గీయని దర్శకుడు. ముందు ఆలోచించి, చర్చించి, పరిశోధించి, ఇతరుల చేత గీయించువాడు. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' చూచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బుద్ధితో ముందు నిర్మించుకొని పిమ్మట చేతిని కదల్చినను మహాచిత్రము పుట్టునని దానివలన రుజువగుట లేదా?

మరది: పుట్టునని రుజువగుచున్నది, వేళకు పుట్టునని మాత్రము కాదు! ఆ చిత్రమును 'టొటోరో'యును 1988 ఏప్రిలులో ఒకే టిక్కెట్టుపై జంటగా విడుదలైనవి. అంతము తెలియక ఆరంభించువాని చిత్రము సమయమునకు సిద్ధమయ్యెను. అన్నియు ముందే ఆలోచించువాని చిత్రము కొన్ని ఘట్టములకు రంగులు పడకయే తెరకెక్కెను. 2013 నాటి ఆయన కడపటి చిత్రము 'కాగుయా'కు ఎనిమిదేండ్లు పట్టెను. కాలహరణమునకు ప్రణాళికాలోప మొక్కటే కారణము కాదని నా మనవి.

బావగారు: బాగు, అచట నీవు నన్ను కొట్టితివి. ఐనను కాలమును గూర్చి ఇంకొక మాట యున్నది. 'టొటోరో'ను ఎనిమిదిమంది యానిమేటర్లు ఎనిమిది నెలలలో చేసిరి. ఈ కడపటి చిత్రమునకు అరువదిమంది పనిచేసినను నెలకు ఒక నిమిషము మాత్రమే సాగుచున్నదని సుజుకియే 2020లో చెప్పినాడు. ఇది పరిపాకమా, క్షీణతయా? ఇంకొకవైపు చూతమా, 2025 మార్చిలో లోకమంతయు తమ ఛాయాచిత్రములను కృత్రిమమేధ చేత జిబ్లీ బొమ్మలుగా మార్పించుకొని మురిసినది. మన యింటి పిల్లలు నాకును ఒకటి చేసి చూపిరి. రెప్పపాటులో వచ్చిన ఆ బొమ్మను చూచి, పదునైదు నెలల శ్రమకు ఇక అర్థమేమని నాకు తోచినది.

మరది: అది బొమ్మ, కదలిక కాదు. ఆయన శైలి అని లోకము పట్టుకొనినది కన్నుల తీరును, మేఘముల రంగును. అవి ఆయన పనికి పైపొర. 2016లో ఒక సంస్థవారు కంప్యూటరు తానే నేర్చుకొనిన కదలికను ఆయనకు చూపిరి: నొప్పి తెలియని ఒక మానవాకారము తలనే కాలుగా చేసికొని నేలపై ఈడ్చుకొనుచు పోవును, భీకరమైన ఆటలకు పనికివచ్చునని వారి యభిప్రాయము. ఆయన అవయవములు సరిగా కదలని తన మిత్రునొకని తలచుకొని, చేయెత్తి చేతికి చేయి కలుపుటకే ఆతడు పడు ప్రయాసమును చెప్పి, దీనిని చేసినవారికి నొప్పి యననేమో తెలియదనియు, ఇది జీవమునకే అవమానమనియు తిరస్కరించెను. ఆ యంత్రము వేరు, నేటివి వేరు కావచ్చును. కాని కదలిక యన్నది శరీరము తన బరువుతోను బాధతోను చేయు బేరమని ఆయన నమ్మిక. పరుగెత్తు జనములో ముసలివాని పరుగు, బిడ్డ నెత్తుకొనిన తల్లి పరుగు, మూట విడువలేనివాని పరుగు వేరువేరుగా నుండవలెనన్న, నాలుగు సెకనులకు పదునైదు నెలలు పట్టును. కంప్యూటరును ఆయన అంటనివాడు కాడు. 2018లో తన మ్యూజియమునకై తీసిన 'బోరో' అను లఘుచిత్రమున వాడిచూచెను. పిమ్మట మరల పెన్సిలునకే వచ్చెను.

ఇక క్షీణత మాట. వయస్సు మీరిన సంగతి ఆయనకు తెలియును. అందుచేతనే ఈ కడపటి చిత్రమున మీరు భయపడిన ఆ దిద్దుబాటు పనిని యానిమేషన్ దర్శకుడైన తకెషి హొండాకు అప్పగించి, తాను స్టోరీబోర్డుకు పరిమితుడయ్యెను. విడుదలకు గడువు పెట్టుకొనలేదు. చేయి తగ్గినప్పుడు విధానమును మార్చుకొనినవాడు, విధానమునకు దాసుడు కాడు గదా?

బావగారు: ఎనుబది యేండ్లు సమీపించినప్పుడు అప్పగించిన పని, ఏబదియవ యేట అప్పగించియుండిన కొండోవంటివారు నలుగురు పైకి వచ్చియుండెడివారేమో! సరే, ఇప్పుడు నా పక్షమును తిరిగి చెప్పుదును. మొదట చెప్పినట్లు చెప్పను. అంతము తెలియక ఆరంభించుట దోషమనిన నా మాటను 'స్పిరిటెడ్ అవే' విషయమున విడిచితిని, 'హౌల్' విషయమున విడువను. మధ్యబొమ్మలు గీసిన యేండ్లు, 1974లో 'హైడి' అను ధారావాహికకు 52 భాగములకును ప్రతి దృశ్యపు కూర్పును తానే వేసిన యభ్యాసము, కుక్క చిగుళ్లను మరువని కన్ను, ఈ మూడును కలవానికే ఆ స్వేచ్ఛ చెల్లును. అది ఆయన సొత్తు; శాస్త్రము కాదు. ఇవేమియు లేక, ముగింపు దానంతట అదియే వచ్చునని నమ్మి మొదలుపెట్టు కుఱ్ఱవారికి దీనిని ఉపదేశింపకుము. మిగిలిన అభియోగమును మాత్రము నేను వదలను: ఒక్కని కంటికి నచ్చువరకు అందరి చేతులును ఆగు విధానము, ఆ యొక్కడు పోగానే ఆగిపోవును.

మరది: ఉపదేశింపకూడదన్న మాటకు నేను వ్యతిరేకిని కాను. నా విద్యార్థులకు ఆయన కథ చెప్పునప్పుడు స్టోరీబోర్డు నుండి మొదలుపెట్టను, పశువైద్యశాల నుండి మొదలుపెట్టుదును. ఆగిపోవునన్న మాటకు మాత్రము నాకు సందేహము కలదు. జిబ్లీనుండి వెడలినవారు 2015లో పొనాక్ అను స్టుడియోను స్థాపించి చిత్రములు తీయుచునే యున్నారు. గురువు స్థానమున ఎవ్వరును కూర్చుండకపోయినను, దిద్దించుకొనిన చేతులు పలుచోట్ల పనిచేయుచున్నవి.

బావగారు: ఐన ఒక ప్రశ్న, దీనికి తప్పించుకొనక బదులు చెప్పవలెను. నీవును చిత్రకారుడవే. ఆ స్టుడియోవారు నిన్ను పిలిచి, నీవు గీసినదానిని ఆయన చెరపి తిరిగి గీయునని ముందే చెప్పిన, పోయియుందువా?

మరది: ఇరువదియేండ్ల వయస్సున పిలిచియుండిన పరుగెత్తి పోయియుందును. నా గీత ప్రక్కన ఆయన గీత పడినప్పుడు, ఎచట తప్పినదో తెలియును. అంతకంటె పెద్ద చదువు లేదు. నలుబదియవ యేట పిలిచిన పోయియుండను. అప్పటికి నా చేతికి తనదైన నడక యేర్పడియుండును. దానిని దినదినము చెరపించుకొన్నచో, ఆయన చిత్రము బాగుపడును గాని నేను మిగులను.

బావగారు: ఆ రెండవ మాటతో నా వాదము సగము నిలిచినది.

మరది: మొదటి మాటతో నాదియు సగము నిలిచినది, బావగారూ. ఆయన ఆ రెండు వయస్సులవారిని ఒకే బల్ల వరుసలో కూర్చుండబెట్టెను. మన మిరువురము ఇంతసేపు చెరియొక వయస్సువాని పక్షమున మాటలాడుచున్నాము.